చూచువారి ధర్మము

కొవ్వూరులో గోదావరి గట్టునకు చేరువగా నున్న ఒక యింటిని ఊహింపవచ్చును. అది 2023వ సంవత్సరము మార్చి 4వ తేదీ. ప్రొద్దు గ్రుంకి చాల సేపైనది. గోష్పాద క్షేత్రమున దీపములు వెలుగుచున్నవి. ఏటిమీది వంతెనపై రైలు పోవు చప్పుడు దూరముగా వినబడుచున్నది. ఆ యింటి వసారాలో టీ.వీ. యెదుట నలుగురు కూర్చుండియున్నారు. ఉద్యోగము విరమించిన తాతగారొకరు. కళాశాలలో చదువుకొనుచున్న మనుమడొకడు. ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలొకతె. ఆట చూచుటకు వచ్చిన ప్రక్కయింటి మామయ్యగారొకరు. ఆ రాత్రి నవీ ముంబయిలో స్త్రీల క్రికెట్ లీగు మొట్టమొదటి ఆట జరుగుచున్నది.

రెండు మూడు ఓవర్లు గడచినవి. మనుమడు పెదవి విరిచి, "తాతగారూ, ఇదియు ఒక ఆటయేనా? బంతి ఎంత మెల్లగా వచ్చుచున్నదో చూడుడు. పురుషుల ఆటలో ఇట్టి బంతి వేసినచో ఏటికి ఆవల రాజమండ్రిలో పడునట్లు కొట్టుదురు" అనెను. మామయ్యగారు నవ్వి, "పోనిమ్మురా అబ్బాయీ! పాపము, ఆడపిల్లలు. ఈ మాత్రము ఆడుటయే గొప్ప" అనిరి. తాతగారు కొంతసేపు మాటలాడలేదు. పిదప, "ఆ పిల్ల పాదము ముందునకు వేసి, బంతిని నేలబారుగా పంపిన తీరు చూచితిరా? అది ఏండ్ల తరబడి సాధన చేసిననే గాని రాదు" అనిరి. మనుమరాలు ఏమియు ననలేదు. కాని ముగ్గురి మాటలను ఆమె వినెను.

ఆడువారికి నియమములు కలవు. గీత దాటి బంతి వేసినచో తప్పు. తప్పు పట్టుటకు అంపైరు కలడు. చూచువారికి మాత్రము అట్టి నియమములను ఎవరును వ్రాయలేదు, అంపైరును లేడు. నోటికి వచ్చినట్లు అనవచ్చును, నచ్చనిచో లేచిపోవచ్చును. అయినను ఒక క్రొత్త క్రీడ బ్రతుకుటయు, బ్రతుకకుండుటయు ఆడువారి చేతిలో ఎంత కలదో చూచువారి చేతిలో అంతయు కలదు. కావున చూచుటకు కూడ ఒక ధర్మము కలదా, కలదేని అది యెట్టిది అని ఆలోచించుట అవసరము.

ముందుగా ఆ లీగు సంగతి తెలిసికొనవలెను. భారత క్రికెట్ నియంత్రణ మండలి 2023లో దానిని ప్రారంభించెను. ముంబయి, ఢిల్లీ, బెంగుళూరు, గుజరాతు, ఉత్తరప్రదేశము పేర్లతో ఐదు జట్లు ఏర్పడినవి. ఆ ఐదు జట్లను పొందుటకు యజమానులు చెల్లింప నంగీకరించిన మొత్తము సుమారు 4,670 కోట్ల రూపాయలు. ఫిబ్రవరి 13వ తేదీన ఆటకత్తెలను వేలమున తీసికొనిరి. స్మృతి మంధాన కొరకు బెంగుళూరు జట్టు 3 కోట్ల 40 లక్షల రూపాయలు పలికెను. మార్చి 4 మొదలు 26 వరకు ఇరువది రెండు ఆటలు జరిగినవి. మొదటి సంవత్సరము స్త్రీలకును బాలికలకును ప్రవేశము ఉచితము. తెలుగు బాలికలును ఆ జట్లలో నుండిరి. విజయవాడకు చెందిన సబ్బినేని మేఘన గుజరాతు జట్టునను, ఆదోనికి చెందిన అంజలి శర్వాణి ఉత్తరప్రదేశపు జట్టునను చేరిరి. చివరి ఆటలో ఢిల్లీని ఓడించి ముంబయి జట్టు మొదటి విజేత యయ్యెను.

ఆ లీగును చూచినవారు నాడు మూడు తెగలైరి. పరిహసించినవారు కొందరు, జాలిపడినవారు కొందరు, ఆటను ఆటగా చూచినవారు కొందరు. కొవ్వూరు వసారాలోని మనుమడును, మామయ్యగారును, తాతగారును ఈ మూడు తెగలకు ప్రతినిధులు. మొదటి రెండు తెగలవారు పరస్పర విరుద్ధముగా మాటలాడినట్లు కనబడును గాని, పరికించినచో వారిరువురును చేయునది ఒకే పొరపాటు. ఇరువురును ఆటను చూచుట లేదు. ఆడునది స్త్రీ యను సంగతినే చూచుచున్నారు.

పరిహసించువారి మొదటి వాదము బలమును గూర్చినది. పురుషుల బంతి వేగము స్త్రీల బంతికి లేదనుట నిజమే. దానిని దాచ నక్కరలేదు. స్త్రీల క్రికెట్టులో బంతి బరువు సుమారు 140 గ్రాములు మొదలు 151 గ్రాముల వరకు ఉండును. పురుషుల బంతి సుమారు 156 గ్రాములు మొదలు 163 గ్రాముల వరకు ఉండును. మైదానపు హద్దులును కొంత దగ్గరగా నుండును. కాని దేహబలమును బట్టి కొలతలు మార్చుట క్రీడలలో క్రొత్త సంగతి కాదు. శ్రీకాకుళము జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతిలో 240 కిలోల బరువెత్తి కంచు పతకమును గెలిచెను. ఒలింపిక్సులో పతకము పొందిన మొదటి భారతీయ వనిత ఆమెయే. నూరు కిలోలకు మించిన మగవాడు అంతకంటె నెక్కువ ఎత్తెను గదా యని తెలుగువారెవరును ఆ పతకమును తేలిక చేయలేదు. ఎవరి తరగతిలో వారిని పోల్చవలెనని ప్రతివారికిని తెలియును. మల్లయుద్ధమునందును ఇదియే నీతి. బరువెత్తుటలో తెలిసిన ఈ న్యాయము బంతి పట్టినప్పుడు మాత్రము మరపునకు వచ్చుట వింత.

అదియునుగాక, క్రీడలోని అందమంతయు వేగమునందే లేదు. బంతి త్రిప్పుటలో నేర్పు కలదు. ఎదుటివాని మనస్సు కనిపెట్టి బంతిని ఎక్కడ వేయవలెనో నిర్ణయించుటలో తెలివి కలదు. బంతి మెల్లగా వచ్చినప్పుడు దానిని హద్దు దాటించుటకు కావలసిన బలమంతయు కొట్టువారే సమకూర్చుకొనవలెను. వచ్చిన వేగమును వాడుకొను వీలు వారికి తక్కువ. తెలిసి చూచువారికి అక్కడ ఒక క్రొత్త విద్య కనబడును.

రెండవ వాదము ఆ మొదటి రాత్రియే పుట్టినది. ముంబయి జట్టు ఐదు వికెట్లకు 207 పరుగులు తీసెను. గుజరాతు జట్టు 64 పరుగులకే కూలిపోయెను. "ఇది పోటీయా?" యని పలువురు వెక్కిరించిరి. కాని 2017వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన కలకత్తాలో, లోక ప్రసిద్ధులైన ఆటగాండ్రు గల బెంగుళూరు పురుషుల జట్టు 49 పరుగులకే ముగిసిపోయినది. ఆ రాత్రి వారిని పరిహసించినవారు కలరు. అయితే, "పురుషులకు క్రికెట్టు తగదు" అని ఒక్కరును అనలేదు. పురుషుడు ఓడినప్పుడు ఆ జట్టు ఓడినదందురు. స్త్రీ ఓడినప్పుడు స్త్రీజాతియే ఓడినదందురు. ఒకే తప్పునకు రెండు తూకములు వేయుట ధర్మము కాదు. అంగడిలో అట్లు తూచినవానిని ఎవరును క్షమింపరు.

మూడవ వాదము మిక్కిలి బలమైనదిగా తోచును. "చూచువారు లేరు, చూచువారు లేని ఆటకు లీగెందుకు?" అని అది ప్రశ్నించును. దీనికి చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లాండులో పురుషులు యుద్ధమునకు పోగా, కర్మాగారములలో స్త్రీలు పనికి చేరిరి. ప్రెస్టన్ పట్టణములోని డిక్ కెర్ కర్మాగారపు స్త్రీలు ఫుట్‌బాల్ జట్టు నొకదానిని ఏర్పరచుకొనిరి. వారాడిన ఆటలవలన వచ్చిన సొమ్ము ధర్మకార్యములకు పోయెడిది. 1920వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన లివర్‌పూల్‌లో వారి ఆట చూచుటకు సుమారు 53,000 మంది వచ్చిరి. చోటు చాలక వేలమంది బయటనే నిలిచిపోయిరి. ఒక సంవత్సరమైనను గడువక మునుపే, 1921 డిసెంబరులో, అచ్చటి ఫుట్‌బాల్ సంఘము తన క్లబ్బుల మైదానములలో స్త్రీలు ఆడరాదని నిషేధించెను. ఆ ఆట స్త్రీలకు తగదని ఒక కారణము చెప్పెను. ఆ నిషేధము ఇంచుమించు ఏబది సంవత్సరములు నిలిచెను. ఏబది ఏండ్లు తలుపు మూసి, పిదప "లోపల ఎవరును లేరేమి?" యని అడుగుట ఎట్టి న్యాయమో చదువరులే ఆలోచింపవలెను.

ఇట్టి మరియొక నిదర్శనము ఆస్ట్రేలియాలో కలదు. అచ్చట ఒక విధమైన ఫుట్‌బాల్ వాడుకలో నున్నది. కోడిగ్రుడ్డు ఆకారపు మైదానములో, అట్టి ఆకారపు బంతితోనే దానిని ఆడుదురు. ఎదురుగా నిలిపిన స్తంభముల నడుమనుండి బంతిని తన్నిన వారికి అంకెలు వచ్చును. ఆ దేశపు ప్రజలకు ఆ ఆటపై నున్న మక్కువ, తెలుగువారికి క్రికెట్టుపై నున్న దానికి తీసిపోదు. పురుషుల పోటీలు నూరేండ్లకు పైగా జరిగిన తరువాత, 2017వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన మెల్‌బోర్న్ నగరములో స్త్రీల లీగు మొదటి ఆట జరిగినది. ప్రవేశము ఉచితముగా నుంచిరి. ఎంతమంది వత్తురో నిర్వాహకులకు అంచనా లేదు. 24,568 మందితో మైదానము నిండిపోయినది. తలుపులు మూయవలసి వచ్చినది. బయట మిగిలిన జనులకు లీగు అధిపతియే క్షమాపణ చెప్పుకొనెను. అందు తండ్రుల చేతులు పట్టుకొని వచ్చిన బాలికలును, బాల్యమున ఆడవలెనని కోరియు అవకాశము దొరకని వృద్ధస్త్రీలును కలరు. వీరందరును ఆ ఉదయము పుట్టిన అభిమానులు కారు. ఏండ్ల తరబడి ఉన్నవారే. పిలుచువారు లేక యింటనే యుండిరి.

ఈ సంగతి కొవ్వూరు వారికి ఒకరు చెప్పనక్కరలేదు. కొవ్వూరునకును రాజమండ్రికిని నడుమ గోదావరి కలదు. 1900వ సంవత్సరములో రైలు వంతెన వచ్చినను, రోడ్డు మార్గమున పోవువారికి పడవలును లాంచీలునే గతిగా నుండెడివి. 1974లో రోడ్డును రైలును కలిగిన వంతెన వెలసినది. వంతెన కట్టుటకు పూర్వము రేవులో నిలిచి, పడవ ఎక్కువారిని మాత్రమే లెక్కించి, "ఈ కొద్దిమంది కొరకు వంతెన యెందుకు?" అని ఎవడైన అనియున్నచో ఆ లెక్క తప్పు. వరదకు భయపడి ప్రయాణము మానుకొన్నవారు ఆ లెక్కలోనికి రారు. చీకటి పడులోపల ఇల్లు చేరలేమని చదువు మానుకొన్న పిల్లలు ఆ లెక్కలోనికి రారు. ఆవలి ఒడ్డున బేరము కలదని తెలిసియు పోలేక పోయిన కూరగాయల వారును ఆ లెక్కలోనికి రారు. వంతెన వచ్చిన పిదపనే వారందరును కనబడుదురు. దారి ఏర్పడక మునుపు నడచువారిని లెక్కించుట కుదరదు. స్త్రీల లీగు కూడ అట్టి వంతెనయే.

అయినను, ఎదుటివారి మాటలోని నిజమును ఒప్పుకొనుట మంచి వాదమునకు లక్షణము. ఉచితముగా పిలిచినప్పుడు వచ్చిన జనులందరును ఎల్లకాలము వత్తురను నమ్మకము లేదు. ఆస్ట్రేలియాలో మొదటి రాత్రి వచ్చినంతటి జనసమూహము ప్రతి వారమును రాలేదు. లీగులోని జట్లు 2017లో ఎనిమిది కాగా 2022 నాటికి పదునెనిమిది యైనవి. అంత త్వరగా జట్లు పెరిగినచో నేర్పరులు పలుచబడుదురని ఆటను ప్రేమించువారే ఆందోళన చెందిరి. భారతదేశమునందు ఐదు జట్లతోనే మొదలిడుటకు నేర్పరుల కొరతయు ఒక కారణము. ఈ మాటలు పరిహాసములు కావు. ఆట బాగుపడవలెనను కోరికతో చెప్పిన విమర్శలు. ఇట్టి విమర్శకును వెక్కిరింతకును భేదము స్పష్టముగా కలదు. విమర్శకుడు రేపటి ఆటను చూచుటకు మరల వచ్చును. వెక్కిరించువాడు రేపు ఆట లేకుండవలెనని కోరును.

వెక్కిరింత ఎంతదూరము పోగలదో 2019వ సంవత్సరము మార్చిలో తెలిసినది. ఆ ఆస్ట్రేలియా లీగులో టేలా హారిస్ అను క్రీడాకారిణి కలదు. ఆమె బంతిని తన్నునపుడు, కాలు ఆకాశమున కెగసియుండగా, ఒక ఛాయాగ్రాహకుడు చక్కని ఛాయాచిత్రము తీసెను. దానిని ప్రకటించినంతనే కొందరు వ్రాసిన నీచపు మాటలు ఇంతింత యనరానివి. ఆ మాటలను అదుపు చేయలేక, ప్రకటించిన టీ.వీ. సంస్థ మాటలను వదలి ఛాయాచిత్రమునే తొలగించెను. దొంగను విడిచి ఇంటివానిని వెళ్లగొట్టినట్లయ్యెను. అప్పుడు వేలకొలది జనులు, అందు పురుషులును పెక్కుమంది, ఆ పనిని గర్హించిరి. సంస్థ తన తప్పు నొప్పుకొని చిత్రమును మరల ప్రకటించెను. ఆ సంవత్సరమే మెల్‌బోర్న్ నగరము నడిబొడ్డున ఆమె తన్నిన భంగిమలో నొక కంచు విగ్రహము వెలసినది. అభిమానులలో చెడ్డవారి నోరు పెద్దదియే. కాని మంచివారు నోరు మెదపినప్పుడు అది నిలువలేదు. మంచివారు ఊరకుండుట వలననే చెడ్డమాట ఊరి మాటగా చెల్లుబాటగుచున్నది.

ఇక జాలిపడువారి సంగతి. వీరు మంచివారు. ఎవరిని నొప్పింపవలెనని వీరి ఉద్దేశము కాదు. అయినను "ఆడపిల్లలైనను బాగుగా ఆడిరి" అను మాటలో "ఐనను" అను చిన్నపదము చేయు కీడు చాల గొప్పది. చేతిలోనికి వచ్చిన బంతిని జారవిడిచినప్పుడు "పోనిమ్ము" అనువారు, ఆ బంతిని పట్టగలదని ఆమెను నమ్మలేదన్నమాట. పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు, ఒక విద్యార్థి తప్పులను మాత్రము దిద్దక, "వీనికి ఇంతకంటె రాదులే" అని మార్కులు వేసినచో ఆ విద్యార్థికి మేలు కలుగునా? తప్పు దిద్దుట గౌరవము. ఆమెకు క్రీడ వచ్చునని నమ్మినవాడే, "ఆ బంతిని పట్టవలసినది" అని కోపగించుకొనును. నిజమైన అభిమాని కోపగించుకొనును, దుఃఖించును, తెల్లవారి మరల ఆట చూచుటకు వచ్చును. జాలిపడువాడు ఒక పూట చప్పట్లు కొట్టి తన పనికి తాను పోవును.

కొందరు అభిమానులు జట్టు పేరును బట్టి వచ్చి, ఆటను బట్టి నిలిచిరి. బెంగుళూరు పురుషుల జట్టు 2008 మొదలు ఆడుచున్నను పదునారు సంవత్సరములు కప్పు గెలువలేదు. 2024వ సంవత్సరము మార్చి 17వ తేదీన ఆ పేరుగల స్త్రీల జట్టు ఢిల్లీలో విజయము పొంది, ఆ క్లబ్బునకు మొదటి కప్పు తెచ్చెను. అందు తెలుగు బాలిక మేఘనయు నుండెను. బెంగుళూరు అభిమానులు వీధులలో పండుగ చేసికొనిరి. రెండు దినముల పిదప పురుషుల జట్టువారు ఇరువైపుల వరుసగా నిలిచి, చప్పట్లతో ఆ స్త్రీలను మైదానములోనికి ఆహ్వానించిరి. పురుషులు కప్పు గెలిచినది 2025 జూన్ 3వ తేదీన. "ఇది మా కప్పు కాదు, ఆడువారి కప్పు" అని ఆ రాత్రి కొందరు అనియుందురు. కాని పెక్కుమందికి అది తమ కప్పే. ఇంటి కుమార్తె గెలిచి తెచ్చినది ఇంటిది కాకపోవుట ఎట్లు?

చూచువారి ఆదరణ వలన కలుగు ఫలము తెలుగునాట ప్రత్యక్షముగా కనబడుచున్నది. మహిళల క్రికెట్టు ప్రపంచపు కప్పు పోటీలు 1978లో భారతదేశమున జరిగినప్పుడు ఒక ఆట హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియములో జరిగెను. 1997లో ఒక ఆట విజయవాడలో జరిగెను. ఆ ఆటలను గూర్చి నేడు విన్నవారే తక్కువ. హైదరాబాదులో పెరిగిన మిథాలీరాజ్ 1999లో తన మొదటి అంతర్జాతీయ ఆటలోనే నూరు పరుగులు దాటెను. ఇరువది మూడేండ్లు ఆడి, ఒకదిన పోటీలలో 7,805 పరుగులు చేసెను. ఆమె ఆడిన తొలి ఏండ్లలో చాల ఆటలు టీ.వీ.లో నైనను కనబడలేదు. 2022 అక్టోబరులో నియంత్రణ మండలి స్త్రీలకును పురుషులకును అంతర్జాతీయ ఆటలలో సమాన వేతనము ప్రకటించెను. మరుసటి సంవత్సరమే లీగు వచ్చెను. కడప జిల్లా పల్లెటూరి బాలిక శ్రీచరణి 2025లో ఢిల్లీ జట్టున ఆడెను. ఆ యేడే భారత జట్టున చేరెను. ఆ యేడే ప్రపంచపు కప్పు పోటీలలో పదునాలుగు వికెట్లు తీసెను. భద్రాచలమునకు చెందిన గొంగడి త్రిష పందొమ్మిదేండ్లలోపు బాలికల ప్రపంచపు కప్పులో 2025వ సంవత్సరపు ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నికయ్యెను. భద్రాచలము దాటిన గోదావరి నీరే కొవ్వూరు రేవును తాకుచున్నది.

అదే 2025 అక్టోబరులో ప్రపంచపు కప్పు ఆటలు ఐదు విశాఖపట్టణమున జరిగినవి. 12వ తేదీన భారత జట్టు 330 పరుగులు చేసియు ఆస్ట్రేలియా చేతిలో ఓడిపోయెను. అంతకు మూడు దినముల ముందు దక్షిణాఫ్రికా చేతిలోను ఓడియుండెను. సొంతనేలపై రెండు పరాజయములు చూచిన అభిమానులు నిరాశపడిరి. బౌలర్లను మార్చవలెననిరి, ఫీల్డింగును తప్పుపట్టిరి. ఆ నిందలలో సంతోషింపదగిన సంగతి యొకటి కలదు. "ఆడువారికి ఈ ఆట యెందుకు?" అను మాట వెనుకబడినది, "ఈ ఆట ఎట్లు గెలువవలెను?" అను మాట ముందునకు వచ్చినది. ఆ దినముననే ఆ స్టేడియములోని భాగములకు మిథాలీరాజ్, ఆంధ్ర క్రీడాకారిణి రావి కల్పన పేర్లు పెట్టిరి. ఇకపై ఆట చూడవచ్చు ప్రతివాడును ఆ పేర్లు చదువవలసినదే.

అయితే స్టేడియములలో జరుగు గొప్ప ఆటలతోనే పని ముగియలేదు. లీగులోని క్రీడాకారిణులు ఆకాశమునుండి రాలి పడరు. పాఠశాలల మైదానములనుండియే రావలెను. సాయంకాలము నాలుగు గంటలకు గంట మ్రోగిన పిదప పెక్కు పాఠశాలలలో కనబడు దృశ్యము ఒకటియే. మైదానమంతయు బాలురది. గోడ ప్రక్కన సన్నని నీడ బాలికలది. ఇది ఎవరును వ్రాసిన నియమము కాదు. ఎవరును ప్రశ్నింపని అలవాటు. ఇంగ్లాండులో 1921లో కాగితముపై వ్రాసిన నిషేధమును ఏబది యేండ్లకైనను కొట్టివేసిరి. వ్రాయని నిషేధమును కొట్టివేయుట అంతకంటె కష్టము. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల స్థాపించిన కాలమున, పలక పట్టిన బాలికను చూచి నవ్వినవారు పెక్కండ్రు. నేడు ఆ నవ్వు ఎంత అవివేకముగా తోచుచున్నదో, బంతి పట్టిన బాలికను చూచి నవ్వు నవ్వును ఒకనాడు అట్లే తోచును. ఆ దినము త్వరగా వచ్చునట్లు చేయుట నేటి విద్యార్థుల చేతిలో నున్నది. వారమునకు రెండు సాయంకాలములు మైదానమును బాలికలకు విడిచి, గోడ ప్రక్క నీడలో కూర్చుండి వారి ఆటను శ్రద్ధతో చూచుట బాలురకు నష్టము కాదు. అది చూచు విద్యలో మొదటి పాఠము.

2025వ సంవత్సరము నవంబరు 2వ తేదీ రాత్రి కొవ్వూరులోని ఆ వసారాను మరల ఊహింపవచ్చును. నవీ ముంబయిలో వాన వలన ఆట ఆలస్యముగా మొదలై అర్ధరాత్రి వరకు సాగెను. భారత జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచపు కప్పును మొదటిసారి గెలిచెను. మనుమరాలు ఇప్పుడు ఇంటర్మీడియటు చదువుచున్నది. ఆట నడుమ శ్రీచరణి వేసిన ఒక బంతి హద్దు దాటగా మామయ్యగారు తొడ చరచుకొని, "ఛీ! అక్కడ వేయవచ్చునా? ఇంకను పైకి వేయవలసినది" అని గట్టిగా విసుగుకొనిరి. ఆయన నోట "పాపము" అను మాట రాలేదు. మనుమడు నిద్ర మానుకొని, లెక్కలు వేయుచు చివరి వికెట్టు వరకు కూర్చుండెను. తాతగారు తృప్తితో తల యూచిరి. ఆట ముగిసిన పిదప మనుమరాలు అన్నను చూచి, "అన్నా, రేపు సాయంకాలము మైదానమునకు మేము వత్తుము. సగము చోటు మాకు విడిచిపెట్టుదురా?" అని యడిగెను. ఆ ప్రశ్నకు ఆ అన్న చెప్పు సమాధానమే, ఆ రాత్రి కొట్టిన చప్పట్లు నిజమైనవో కావో తేల్చును.